పదిహేనుగురి ఊరిలో పదముగ్గురి ఆట

ఎల్విన్ ప్రోథరో పిరికివాడని మా లోయలో ఏనాడూ ఎవరూ అనలేదు. పద్నాలుగవ యేట బొగ్గుగనిలోకి దిగినవాడు. ఇరవయ్యవ యేట గని పైకప్పు కూలి ఆరు గంటలసేపు రాళ్ళ కింద పడి ఉండి, బయటికి లాగినప్పుడు అతడు మొదట అడిగినది వేడి టీ. శనివారం మధ్యాహ్నం మైదానంలో తనకు రెండింతలున్న మనిషి ఎదురుగా దూసుకువస్తూంటే భుజం ఒగ్గి నిలిచేవాడే కాని పక్కకు తొలగేవాడు కాడు. అటువంటివాడు ఎనిమిది సంవత్సరాలపాటు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతూ బ్రతికాడు. ఆ సంగతి ఇప్పుడు చెప్పినందువల్ల ఎవరికీ హాని లేదు. హాని పొందవలసినవారందరూ శ్మశానంలో ఉన్నారు, నేను తప్ప.

మా బొగ్గుగనుల ఊరు కుమ్‌హెలిగ్‌లో మేము ఆడేది పదిహేనుగురి రగ్బీ, యూనియన్ ఆట. ఆడినందుకు చిల్లిగవ్వ పుచ్చుకోము. అదే మా గర్వం. ఉత్తరాన, నూలు మిల్లుల ఊళ్ళలో ఆడేది పదముగ్గురి రగ్బీ, లీగ్ ఆట. వాళ్ళు డబ్బిచ్చి ఆడిస్తారు. ఈ రెండింటికీ నడుమ వంతెన లేదు. మా ఆటగాడు వాళ్ళ మైదానంలో ఒక్కసారి కాలు పెట్టి ఆడితే చాలు, డబ్బు పుచ్చుకున్నా పుచ్చుకోకపోయినా, బ్రతికినంతకాలం వెలి. మళ్ళీ మాతో ఆడరాదు, పిల్లలకు ఆట నేర్పరాదు, క్లబ్బు గడప తొక్కరాదు. "ఉత్తరానికి పోయాడు" అనే మాటను మా ఆడవాళ్ళు గొంతు తగ్గించి, చనిపోయినవారిని గురించి చెప్పినట్లే చెప్పేవారు.

క్లబ్బు గోడలమీద ఏటేటి జట్ల ఛాయాచిత్రాలు వరుసగా ఉండేవి. వాటిలో మూడు ముఖాలమీద గోధుమరంగు కాగితపు ముక్కలు అంటించి ఉండేవి. అవి ఉత్తరానికి పోయినవారి ముఖాలు. ఆ ముక్కలను కత్తిరించి, పిండి జిగురుతో స్వయంగా అంటించినవాడు కార్యదర్శి హాండెల్ ప్రిచర్డ్. ప్రార్థనామందిరంలో పెద్ద, అబద్ధమాడి ఎరుగడు, నవ్వి కూడా ఎరుగడనేవాళ్ళున్నారు. ఎల్విన్ ఆయన కూతురు నెస్టాను పెళ్ళిచేసుకుని, ఆయన ఇంటి మేడగదిలోనే కాపురముంటూ, నాలుగేళ్ళు గడిచినా మామగారిని "మిస్టర్ ప్రిచర్డ్" అనే పిలిచేవాడు.

1953 ఆకురాలు కాలంలో ఎల్విన్ తండ్రి బొగ్గుధూళి రోగంతో పోయాడు. చివరి నెల రోజులూ ఆ ముసలాయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఒక్కొక్క ఊపిరినీ బావిలోనుంచి చేదినట్లు తోడుకునేవాడు. కొడుకు గనికి వెళ్తూ వస్తూ అక్కడ ఆగి ఆ చప్పుడు వినేవాడు. జనవరిలో ఒకనాడు రైలుస్టేషన్ విశ్రాంతిగదిలో ఒక అపరిచితుడు అతని పక్కన వచ్చి కూర్చున్నాడు. చేతిలో తోలుపెట్టె, నెత్తిన టోపీ.

"ప్రోథరో అంటే నువ్వేనా?"

"అడిగేదెవరు?"

"స్కోఫీల్డ్ అంటారు. కుట్టుమిషన్లు అమ్ముకుంటాను."

"మా ఇంట్లో ఒకటుంది."

"నీకు కావలసింది మిషను కాదులే. మీ నాన్న ఊపిరితిత్తుల సంగతి విన్నాను. మా ఊళ్ళో ఎండా వానా తగిలే పనుంది. దాంతోపాటు ఆట."

ఎల్విన్ చప్పున గుమ్మంవైపు చూశాడు. ఎవరూ లేరు.

"నువ్వు ఎందుకొచ్చావో తెలిస్తే మావాళ్ళు నిన్ను ఏట్లో ముంచుతారు, తెలుసా?"

"రెండుసార్లు ముంచారు. ఈత నేర్చుకున్నాను" అన్నాడు స్కోఫీల్డ్. "ఊరికే వచ్చి చూడు. రెండు ఆటలు. నీ పేరు ఎక్కడా ఉండదు."

బిర్కెన్‌హెడ్‌లో పిన్నికి సుస్తీగా ఉందని ఇంట్లో చెప్పి, ఎల్విన్ ఎనిమిది రోజులు సెలవుమీద వెళ్ళాడు. ఆ ఉత్తరపు ఊళ్ళో ఆటగాళ్ళ జాబితాలో అతని పేరుండవలసిన చోట "మరొకరు" అని అచ్చువేశారు. పేరు చెప్పుకోలేని మా యూనియన్ ఆటగాళ్ళందరికీ అక్కడ అదే పేరు. ఆ క్లబ్బు శిక్షకుడు వారం రోజులూ అతనిచేత ఒక్కటే పని చేయించాడు. పదముగ్గురి ఆటలో బంతితో పరుగెత్తేవాణ్ణి పట్టి పడగొడితే, వాడు బంతిని వదలడు. బంతితోనే లేచి నిలబడి, తన కాళ్ళ ముందు నేలమీద పెట్టి, అరికాలితో వెనక్కు దొర్లిస్తాడు. పడగొట్టినవాడు వాడికి ఎదురుగా ముఖాముఖి నిలబడి, తన కాలుతో ఆ బంతిని అందుకోజూస్తాడు. మా ఆటలో ఇది లేనే లేదు. పడ్డవాడు పడ్డచోటనే తక్షణం బంతిని వదిలివేయాలి. "లే, పెట్టు, దొర్లించు" అంటూ శిక్షకుడు ఉదయంనుంచి సాయంత్రందాకా అతణ్ణి పడగొట్టించి లేపాడు. కొన్ని వందలసార్లు. చివరకు ఆ పని అతని మనస్సు ప్రమేయం లేకుండా శరీరమే చేయసాగింది.

రెండు ఆటలూ ఆడాడు. ఆట అతనికి నచ్చింది. అదే అతణ్ణి అన్నిటికంటె ఎక్కువ భయపెట్టిందని తరువాత నాతో అన్నాడు. తొమ్మిదవనాటి ఉదయం సంతకానికి కాగితం ముందు పెట్టారు. కలం పట్టుకున్నాడు. మా క్లబ్బు గోడమీది చిత్రంలో రెండవ వరుసలో తన ముఖంమీద గోధుమరంగు కాగితం కళ్ళకు కట్టింది. ఆ కాగితాన్ని బొటనవ్రేలితో అదుముతున్న మామగారి చెయ్యి కూడా కనిపించింది. కలం కింద పెట్టి రైలెక్కాడు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాడు. భయం ఆ రైల్లోనే అతనితోపాటు ఎక్కింది.

కుమ్‌హెలిగ్‌లో దిగగానే టిక్కెట్లు వసూలు చేసేవాడు, "మీ పిన్నికెలా ఉంది ఎల్విన్?" అన్నాడు. పిన్నికి జబ్బని చెప్పాడా, పోయిందని చెప్పాడా, ఎల్విన్‌కు జ్ఞాపకం రాలేదు. "అలాగే ఉంది" అని తప్పించుకున్నాడు. ఉత్తరపు రైలు టిక్కెట్టు ముక్కను వంటింటి పొయ్యిలో వేశాడు. వేసినది పూర్తిగా కాలిందో లేదో చూడడానికి మూడుసార్లు పొయ్యి తలుపు తెరిచాడు. గనిలోకి దిగే పంజరంలో నలుగురు మాట్లాడుకుంటూ అతడు ఎక్కగానే ఆగితే, తన గురించేననుకునేవాడు. పోస్టుమాను వీథి మలుపు తిరగడం చూసి ఇంటి గుమ్మంలో కాపుకాసేవాడు.

"ఏంట్రా, పోస్టుమానుని ప్రేమించావా?" అని మేము నవ్వేవాళ్ళం. అతడు మాతోపాటు నవ్వేవాడు, ఒక క్షణం ఆలస్యంగా.

మార్చి నెలలో పక్క లోయలోని పాంట్‌గారెగ్ జట్టు మామీద ఆటకు వచ్చింది. మా రెండూళ్ళకూ తాతలనాటి పోటీ. గట్టుమీద నాలుగు వేలమంది, వానలోనే, భక్తిగీతాలు పాడుతూ నిలబడ్డారు. నేను ఆనాడు హద్దుగీత వెంబడి జెండా పట్టుకుని పరుగెత్తే పనిమీద ఉన్నాను. రెండవ సగంలో బంతి ఎల్విన్ చేతికి వచ్చింది. ఇద్దరిని తప్పించుకుని నావైపు గీతదాకా వచ్చాడు. పాంట్‌గారెగ్ జట్టులో గ్లాన్‌మోర్ హ్యూస్ అనే దృఢకాయుడు అడ్డం వచ్చి అతణ్ణి నడుం పట్టి పడగొట్టాడు. నాకు పది అడుగుల దూరంలో.

ఎల్విన్ బంతిని వదలలేదు. బంతితోనే లేచాడు. బురదలో దాన్ని తన కాళ్ళ ముందు పెట్టి, అరికాలు దానిమీద మోపి వెనక్కు దొర్లించాడు.

అది నేను చూసినదానిలో సగమే. తక్కిన సగం ఇంకా భయంకరమైనది. పడగొట్టిన గ్లాన్‌మోర్ హ్యూస్ కూడా చటుక్కున లేచి, ఎల్విన్‌కు ఎదురుగా, మూరెడు దూరంలో, ముఖాముఖి నిలబడి, ఆ బంతికోసం కాలు చాపాడు.

మా నేలమీద ఎవరూ ఎన్నడూ నిలబడని తీరున ఆ ఇద్దరూ అలా నిలబడ్డారు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. గ్లాన్‌మోర్ ముఖంలో నెత్తురు దిగిపోవడం నాకు కనిపించింది. వారిలో ఎవడు ఎవణ్ణి బయటపెట్టాడో చెప్పడం కష్టం; ఒకే క్షణంలో ఇద్దరూ బయటపడ్డారు.

రెఫరీ ఈల వేశాడు. గట్టుమీద ఒక మూల పాట చరణం మధ్యలో ఆగిపోయింది. చాలామంది, ఎల్విన్‌కు తలకు దెబ్బ తగిలి దిమ్మెరపోయాడనుకున్నారు. ఎవడో "అది గుడ్డు కాదురా, పొదగడానికి!" అని అరిస్తే నవ్వులు లేచాయి. కాని నవ్వనివారు కూడా ఉన్నారు. మైదానపు హద్దుతాడు వెనుక హాండెల్ ప్రిచర్డ్ టోపీ తీసి చేత పట్టుకుని, వానలో బట్టతలతో నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మామగారు అన్నది ఒక్క మాట: "ఉప్పు ఇటు అందుకో." ఆ తరువాత మూడు రోజులూ ఆ మాటకూడా లేదు. ఎల్విన్‌కు తిట్టు కావాలి, ప్రశ్న కావాలి, ఏదైనా కావాలి. ఏదీ రాలేదు. నాలుగవనాడు ఉత్తరం వచ్చింది. పేరు వ్రాయని ఎవడో యూనియన్ ఆటను నడిపే పై సంఘానికి ఫిర్యాదు చేశాడు. రెండు క్లబ్బులూ తమ తమ ఆటగాళ్ళను విచారించి పక్షం రోజులలో తెలియజేయవలసిందని ఆదేశం. ప్రిచర్డ్ ఆ ఉత్తరాన్ని పొయ్యిపైని అరమీద, గడియారం పక్కన, అందరికీ కనబడేటట్లు నిలబెట్టాడు. ఎల్విన్ దానికి వీపు చేసి తిన్నాడు, వీపు చేసి బూట్లు తొడుక్కున్నాడు.

ఆదివారం నాడు రెండు లోయలూ కలిసేచోట ఇటలీవాళ్ళ కాఫీ హోటల్లో గ్లాన్‌మోర్ అతణ్ణి కలుసుకున్నాడు. వెనుక బల్ల దగ్గర, ఆవిరి పట్టిన అద్దం పక్కన కూర్చున్నారు.

"నన్ను చూస్తే పారిపోవాలనిపిస్తోందా? నాకూ అంతే, కూర్చో" అన్నాడు గ్లాన్‌మోర్.

"ఎక్కడ ఆడావు?"

"చెప్పను. నువ్వూ చెప్పకు. తెలియనిదాన్ని నోరు జారి చెప్పలేం."

"నేనంటే మతిపోయి లేచాను. నువ్వెందుకయ్యా ఎదురుగా నిలబడ్డావు?"

"నువ్వు నిలబడ్డావు కాబట్టి. ఎవడైనా చెయ్యి చాపితే మన చెయ్యి దానంతటదే పోతుందిగా, అలాగ." గ్లాన్‌మోర్ నవ్వబోయి, తలుపు గంట మోగడంతో ఆగిపోయాడు. వచ్చినది ఒక ముసలమ్మ. ఆమె ఐస్‌క్రీము కొనుక్కుని వెళ్ళేదాకా ఇద్దరూ చక్కెర గిన్నెను చూస్తూ ఊరుకున్నారు.

"చెప్పేది విను" అన్నాడు గ్లాన్‌మోర్. "నీకు తల దిమ్మెక్కింది. నేను నిన్ను వెక్కిరించాను. అంతే జరిగింది. రెండూళ్ళలోనూ ఇదే మాట."

"నమ్ముతారా?"

"నమ్మాలనే ఉంటుంది వాళ్ళకి. మనల్ని పోగొట్టుకుంటే ఎవణ్ణి ఆడిస్తారు, పాస్టరుగారినా?"

"ఒకవేళ నిన్ను గట్టిగా అడిగితే..."

"నీ పేరు నా నోట రాదు. నీ నోట నా పేరు?"

"రాదు."

"అయితే టీ తాగు. చల్లారిపోయింది."

మా విచారణ గురువారంనాడు జరిగింది. క్లబ్బులో ఒక ఆచారం ఉండేది. విచారణ ఏదైనా సరే, జవాబు చెప్పేవాడు ప్రార్థనామందిరంనుంచి తెచ్చి బల్లమీద ఉంచిన బైబిలుమీద కుడిచెయ్యి ఉంచి చెప్పాలి. ఎల్విన్ రాత్రుళ్ళు నిద్ర లేకుండా భయపడ్డది ఆ నల్లటి అట్టల గురించే. లోపలికి వచ్చి నిలబడి, చెయ్యి ముందుకు చాచాడు. చెయ్యి గాలిలో నిలిచిపోయింది. బల్లమీద పుస్తకం లేదు.

"అట్ట ఊడితే కుట్టించడానికి ఇచ్చాను" అన్నాడు ప్రిచర్డ్, తల ఎత్తకుండా. "అది లేకపోయినా జరుపుకోవచ్చు. ప్రోథరో, ఆరోజు ఏం జరిగింది?"

"తలకి దెబ్బ తగిలిందండి. ఏం చేశానో నాకు తెలీలేదు."

"పదముగ్గురి ఆట ఎప్పుడైనా ఆడావా?"

"లేదండి."

ప్రిచర్డ్ కలం సిరాలో ముంచి వ్రాశాడు. కమిటీలో మేము అయిదుగురమూ ఆ కలం కదలడాన్నే చూశాము. అంతకుముందు ఆదివారం ప్రార్థనలో ఆ పుస్తకం అట్ట చెక్కుచెదరకుండా ఉండడం మాలో ప్రతివాడూ చూశాడు. ఒక్కడూ నోరు విప్పలేదు. "ఏమీ తేలలేదు" అని ఆయన వ్రాసి, సంతకం చేసి, తడి సిరామీద అద్దుడుకాగితం అద్దాడు.

పాంట్‌గారెగ్‌లో పుస్తకం బల్లమీదనే ఉంది. గ్లాన్‌మోర్ దానిమీద చెయ్యి పెట్టాడు. "వెక్కిరింపు కాదండి. నేను ఆడాను. రెండుసార్లు" అన్నాడట. ఎదుటివాడి మాటేమిటని నిలదీశారు. "వాడి సంగతి వాణ్ణే అడగండి. నా కాలు నాకు తెలుసు. వాడి కాలు నాకేం తెలుసు?" అన్నాడు. నెల తిరక్కుండా బ్రతుకంతా వెలి అని ఉత్తర్వు వచ్చింది. పెళ్ళాన్ని, రెండు పెట్టెలను తీసుకుని ఉత్తరానికి వెళ్ళిపోయాడు. రైలుదగ్గరకు ఎవరూ వెళ్ళలేదు. వెళితే ఎవరు చూస్తారోనని.

ఎల్విన్ మిగిలాడు. స్థానం పోలేదు, ఇల్లు పోలేదు, గోడమీద ముఖం పోలేదు. కాని ఆ దినంనుంచి అతని ఆట పోయింది. ఎవరైనా చెయ్యి వేస్తే చాలు, కిందపడకముందే బంతిని వదిలేసేవాడు, నిప్పును వదిలినట్లు. రెండేళ్ళలో జట్టునుంచి తప్పుకున్నాడు. మేము అతణ్ణి కమిటీలోకి తీసుకుని, ఆటల దినాలలో క్లబ్బు తలుపుదగ్గర నిలబడే పని అప్పగించాము. లోనికి రాదగినవారెవరో, రాదగనివారెవరో చూసే పని.

భయం తగ్గలేదు, మాటు వేసింది. గ్లాన్‌మోర్ ఒకనాడు తాగి ఎవరితోనైనా అనవచ్చు. ఉత్తరపు పత్రికలో ఏదైనా రావచ్చు. ఒక క్రిస్మస్‌కు బిర్కెన్‌హెడ్ పిన్ని నెస్టా పేర కార్డు పంపింది: నేను గుండ్రాయిలా ఉన్నాను, యుద్ధం అయినప్పటినుంచీ నాకు జలుబైనా చేయలేదు, మీవాడు నన్ను చూసి పదిహేనేళ్ళయింది, ఒకసారి పంపించు అని. నెస్టా అది వంటింట్లో నిలబడి చదివింది. ఎల్విన్ తలుపు దగ్గర ఆగిపోయాడు.

"ఎవరు రాశారు?" అన్నాడు.

"ఎవరూ కాదు" అని ఆమె కార్డును పొయ్యిలో వేసింది. "కాళ్ళు తుడుచుకుని రా. ఇప్పుడే తుడిచాను నేల."

ఆ తరువాత భార్యను కూడా అతడు సూటిగా చూడలేకపోయాడు. ఎవరికి ఎంత తెలుసో తెలియకపోవడం రాళ్ళ కింద ఉన్న ఆ ఆరు గంటలకంటె కష్టమనీ, అక్కడ కనీసం పైన తవ్వుతున్న చప్పుడైనా వినిపించిందనీ అతడు నాతో అన్నాడు.

1962 అక్టోబరులో పాంట్‌గారెగ్ జట్టు మళ్ళీ మా ఊరు వచ్చింది. ఆట మొదలు కావడానికి ఇరవై నిమిషాలుందనగా, నల్లకోటు తొడుక్కున్న ఒక మనిషి కొంచెం కుంటుతూ వానలో మెట్లెక్కి వచ్చాడు. తలుపుదగ్గర ఎల్విన్ అతణ్ణి చూసి గోడకు చెయ్యి ఆనించాడు.

"లోపలికి..." అని ఆగాడు.

"రాకూడదు. నాకు తెలుసు" అన్నాడు గ్లాన్‌మోర్ హ్యూస్. "నిన్న మా అమ్మని పూడ్చాం. సాయంత్రం రైలు. ఈలోగా ఏం చెయ్యాలో తోచలేదు."

"మీ అమ్మగారు... అయ్యో."

"ఎనభై దాటింది. నేను అడ్డమైన ఆటా ఆడానని ఎనిమిదేళ్ళు నాతో మాట్లాడలేదు. మొన్న మాట్లాడింది. కిటికీ మూయమంది." అతడు టోపీమీది నీళ్ళు దులుపుకున్నాడు. "నీ మొహమేంటి అలా ఉంది? దయ్యాన్ని చూసినట్టు. అప్పట్నుంచీ ఇలాగే ఉన్నావా ఏం?"

ఎల్విన్ చేతిలోని తలుపు తాళాలను అటూ ఇటూ తిప్పాడు.

"నేనెవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా. నీకు తెలీక ఇంకా బెదురుతున్నావేమోనని, ఆ మాట చెప్పిపోదామని వచ్చాను. చెప్పేశాను. రోడ్డుమీంచి కాసేపు ఆట చూస్తా. గోడ పొట్టిదేగా."

ఆ మాట అని అతడు మెట్లు దిగాడు. ఎల్విన్ కొంతసేపు అక్కడే నిలబడి, తరువాత తలుపు వేసి కమిటీ గదిలోకి వచ్చాడు. మేము అయిదుగురమూ టీ తాగుతున్నాము. ప్రిచర్డ్‌కు అప్పటికి డెబ్బైమూడేళ్ళు.

"నేను ఆడాను" అన్నాడు ఎల్విన్. "యాభైనాలుగు జనవరిలో. రెండు ఆటలు. ఇక్కడ నిలబడి మీకు అబద్ధం చెప్పాను."

గదిలో కప్పులు కదలడం ఆగిపోయింది. వాన కిటికీని కొడుతూంది.

"కూర్చో ఎల్విన్" అన్నాడు ప్రిచర్డ్. "ఆట మొదలవబోతోంది."

"నేను చెప్పింది రాసుకోండి, మిస్టర్ ప్రిచర్డ్."

"ఏం చెప్పావు?" ప్రిచర్డ్ మావైపు ఒక్కొక్కరినీ చూశాడు. "ఇతనేదో అన్నాడు. మీలో ఎవరైనా విన్నారా?"

ఆ గదిలో భయం ఒక్క ఎల్విన్‌ది కాదని నాకు అప్పుడు తెలిసింది. వ్రాసుకుంటే, ఎనిమిదేళ్ళనాడు ప్రిచర్డ్ చేసిన సంతకం అబద్ధమవుతుంది. వెలివేయవలసినవాణ్ణి తెలిసి తెలిసి ఆడించిన క్లబ్బు మీద పై సంఘం కత్తి దూస్తుంది. బైబిలు ఏమైందని అప్పుడు అడగని మేమందరమూ జవాబు చెప్పుకోవాలి. నేను నా కప్పులో టీ ఆకులను చూశాను. నా పక్కవాడు గొంతు సవరించుకుని కిటికీవైపు తిరిగాడు. ఎవరూ విన్నామనలేదు.

"చూశావుగా" అన్నాడు ప్రిచర్డ్. ఆయన గొంతు వణికింది. నేను అది వినడం అదే మొదలు, అదే తుది. "ఎవరూ వినలేదు. నీ స్థానంలో నువ్వున్నావు. కూర్చో."

"బయట ఒకడు తడుస్తున్నాడండి."

"అతను ఒప్పుకున్నాడు. అందుకని తడుస్తున్నాడు."

"నేనూ ఒప్పుకున్నాను" అన్నాడు ఎల్విన్.

తలుపు తాళాలు బల్లమీద పెట్టాడు. కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. మేము కిటికీలోనుంచి చూశాము. అతడు రోడ్డు ఎక్కి, గోడవారన నిలబడి ఉన్న నల్లకోటు పక్కకు వెళ్ళాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, చేతులు కలుపుకోలేదు. మోచేతులు గోడమీద ఆనించి ఆట చూస్తూ నిలబడ్డారు. సగం ఆట కాగానే గ్లాన్‌మోర్ గడియారం చూసుకుని స్టేషన్ దారి పట్టాడు. ఎల్విన్ చివరిదాకా అక్కడే ఉన్నాడు.

ఆ తరువాత అతడు మా మైదానంలో కాలు పెట్టలేదు. అతణ్ణి వెలివేసినవారు లేరు. ఏటేటా సభ్యత్వపు కార్డు పంపేవాళ్ళము, అతడు దాన్ని తిప్పి పంపేవాడు. ప్రిచర్డ్ పోయేవరకు ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర ఇద్దరూ భోజనం చేశారు. ఆ విషయం మళ్ళీ ఎత్తలేదని నెస్టా చెప్పింది. శనివారం వస్తే, మంచు కురిసినా సరే, ఎల్విన్ ఆ రోడ్డుమీద గోడవారన నిలబడేవాడు. పాతికేళ్ళు నిలబడ్డాడు. కొత్త కుర్రాళ్ళకు అతడెవరో తెలియదు; ప్రవేశరుసుము ఇవ్వలేని బీదవాడనుకునేవారు.

ఒక ఫిబ్రవరిలో నేను ధైర్యం చేసి పైకి వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను. ఇక్కడ వ్రాసినదానిలో సగం అతడు ఆనాడు చెప్పినదే. అంతా విన్న తరువాత అడిగాను.

"ఇంకా భయంగా ఉంటుందా?"

"లేదు" అన్నాడు. "ఇక్కడ గాలి ఎక్కువ. అంతే. కాస్త పక్కకి జరుగు, ఆ మూల కనబడటంలేదు."

జరిగాను. ఆట ముగియకముందే సెలవు తీసుకున్నాను. కొండదారిన కిందికి దిగేటప్పుడు, అతనితో మాట్లాడుతూండగా నన్ను ఎవరైనా చూశారేమోనని రెండుసార్లు వెనుదిరిగి చూసుకున్నాను.